ట్రిస్ సీసాలు కూర్చున్న స్టూళ్ళు

"మేడం, పూసలకి డీఎన్‌ఏ ఎందుకు పట్టడం లేదు?" అని అడిగాడు మా ల్యాబులో పరిశోధన చేసే శ్రీవల్లభ్. అడిగినవాడు జవాబు కోసం ఆగాలా వద్దా? ఆగలేదు. "బుచ్చిరాములు సీసాలు సరిగ్గా కడగడు. చదువులేని మనిషి, ఏం తెలుస్తుంది?" అన్నాడు. పదిమంది ముందర అన్నాడు. ఆ బుచ్చిరాముల్ని నేనే, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ల్యాబులో గాజు కడిగినవాణ్ణి. నన్ను పనిలోంచి తీసెయ్యమని కాగితం కూడా రాసుకొచ్చి మేడం ముందు పెట్టాడు. ఆమె సంతకమే తక్కువ.

ఆ పూసలు కంటికి ఆనవు. ఒక్కో పూసకి ఒళ్ళంతా ఖాళీ చోట్లు. జిగురు మందు వేస్తే ఆ చోట్లలో డీఎన్‌ఏ పోగులు కూర్చుంటాయి. రోగి కళ్ళెలో క్షయ ఉంటే పట్టిచ్చేది ఆ పోగులే.

దమయంతి మేడం ఎవరితోనూ వాదించరు. "జిగురు వేసే ముందు పూసల్ని దేంతో కడిగావు?" అన్నారంతే.

"పూసలు కడిగే మామూలు ద్రావణం ఆయన కడిగిన సీసాలో ఉంది మేడం. నమ్మలేక, కంపెనీ నుంచి వచ్చిన కొత్త ట్రిస్ ద్రావణం సీసా విప్పి దాంతో కడిగాను. అందులోనే జిగురూ పోగులూ కలిపాను. డీఎన్‌ఏని మనం దాచేదే ట్రిస్‌లో కదా!"

మేడం నా వైపు తిరిగారు. "రాములుగారూ, ఖాళీ ట్రిస్ సీసాలు తెచ్చి స్టూలుకొకటి పెట్టండి."

ఆరు స్టూళ్ళ మీదా పెట్టాను.

"కూర్చో నాయనా, మాట్లాడుకుందాం."

"ఎక్కడ కూర్చోను మేడం? అన్నిటి మీదా సీసాలేగా."

"నువ్వు పిలిచినవే. పోగుల కంటే ముందొచ్చాయి."

"బస్సులో తువ్వాలు వేసినట్టు!" అని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు. శ్రీవల్లభ్ మొహమే చూస్తూ నిలబడ్డాను.

"అంటే... పోగులు కూర్చోవాల్సిన చోట్లలో ముందే ట్రిస్ అంటుకుందా?" అని గొణిగాడు. మేడం తలూపి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు.

మర్నాడు నా దగ్గరికొచ్చి "తప్పయింది తాతా" అన్నాడు. అప్పటికి తాతనయ్యాను! బ్రష్షు ఆపలేదు, తల తిప్పలేదు. వారం రోజులు వచ్చాడు, వారం రోజులూ అంతే.

చివరికి మేడం దగ్గరికెళ్ళి మొత్తుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా పలకడు మేడం. ఇంకేం చెయ్యను?"

మేడం చెడిపోయిన పూసల గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తున్నారు. "కొత్తవి తీసుకో" అన్నారు. "జిగురుతో ఒకసారి అంటుకున్నది కడిగితే పోతుందా?"