చంద్రుడు ఎవరి పల్లకీ వెంట?

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారికి నడక అంటే గిట్టేది కాదు. పేరు కీర్తిభూషణుడు. కోటలోంచి తోటలోకి వెళ్లాలన్నా పల్లకీ రావాల్సిందే. అలా రోజూ సాయంత్రం షికారు తిరుగుతూ ఆయనొక వింత కనిపెట్టాడు. పల్లకీ ఎటు కదిలితే చంద్రుడూ అటే వస్తున్నాడు. పల్లకీ ఆగితే ఆగుతున్నాడు.

మర్నాడు కొలువులో ఆ సంగతి చాటాడు. చంద్రుడు తన సేవకుడట, ఇకపై తన బిరుదుల్లో "చంద్రసేవితుడు" అని చేర్చాలట. సభంతా తలూపింది. పంచాంగం రాసే నాగభట్టు సిద్ధాంతి ఒక్కడే ఊరుకోలేకపోయాడు. చంద్రుడు లక్ష క్రోసులకు పైగా దూరాన ఉన్నాడనీ, అంత దూరాన ఉన్నది వెంట వస్తున్నట్టే కనిపిస్తుందనీ చెప్పాడు.

రాజుకు ఒళ్లు మండింది. ఇవాళ దీపాలు పెట్టేలోగా రుజువు చూపకపోతే నీ తాటాకు గ్రంథాలన్నీ తగలబెట్టిస్తాను, నువ్వు దేశం విడిచి పోవాలి అన్నాడు. నలభై ఏళ్లు ఆకాశం చూసి రాసుకున్న రాతలవి. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమ్మం దగ్గర నిలబడ్డ పల్లకీ బోయీ గవరయ్య అది చూసి ఉండబట్టలేకపోయాడు. ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ఆ రుజువు నేను చూపిస్తాను ప్రభూ. చూపలేకపోతే సిద్ధాంతిగారితో పాటు నన్నూ వెళ్లగొట్టండి."

అతను అడిగింది రెండు పల్లకీలు. ఒకదాంట్లో రాజుగారు ఉత్తరానికి, రెండోదాంట్లో వంటశాలలో అన్నం వార్చే సూరమ్మ దక్షిణానికి ఒకేసారి వెళ్లి రావాలన్నాడు. వంటమనిషి వెంట చంద్రుడు పోతాడా అని రాజు నవ్వి ఒప్పుకున్నాడు.

ఆ రోజు శుద్ధ ద్వాదశి. ఇంకా ఎండ ఉండగానే తూర్పున చంద్రుడు తెల్లగా కనిపించాడు. పల్లకీలు చెరో వైపు అరక్రోసు వెళ్లి తిరిగొచ్చాయి.

"అడుగు వెనకబడకుండా నా పక్కనే వచ్చాడు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

సూరమ్మ కొంగు సర్దుకుంది. "నాకూ అంతే సామీ. చింతచెట్లన్నీ ఎనక్కి పోయాయి గానీ, చందమామ నా పక్కనే వచ్చాడు."

అబద్ధమని రాజు గద్దించాడు. అయితే ఈసారి దిక్కులు మార్చుకుని వెళ్లి రండి అన్నాడు గవరయ్య. వెళ్లొచ్చారు. మళ్లీ ఇద్దరిదీ అదే మాట. పైగా, తాను పల్లకీ ఆపమంటే చంద్రుడూ ఆగాడని సూరమ్మ ముచ్చటగా చెప్పింది.

అప్పుడు గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఉన్నది ఒకే చంద్రుడు. ఒకే సమయాన ఒకరు అటు, ఒకరు ఇటు వెళ్లారు. ఆయన మీ సేవకుడైతే సూరమ్మకీ సేవకుడే, ఆ బిరుదు ఆమెకీ ఇవ్వాలి. కాదంటే సిద్ధాంతిగారి మాటే నిజం. ఏది ఖాయం చేయమంటారు?"

రాజు మీసం దువ్వడం ఆపేశాడు. గవరయ్యే అందుకున్నాడు. పల్లకీ మోసేవాళ్లు రోజూ చూసేదే ఇది: దారి పక్క పొదలు గబగబా వెనక్కి పోతాయి, దూరాన ఉన్న కొండ మెల్లగా జరుగుతుంది, అన్నిటికన్నా ఎంతో దూరాన ఉన్న చంద్రుడు మన నడకకు జరిగినట్టే ఉండడు. జరగనివాడు వెంట వస్తున్నట్టే తోస్తాడు.

రాజు సూరమ్మ వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. సిద్ధాంతిని క్షమాపణ అడిగి, తన శాలువా తీసి కప్పాడు. రేపటి నుంచి రోజూ సాయంత్రం గ్రంథాలతో సహా తన పల్లకీలోనే కూర్చుని ఆకాశం గురించి పాఠం చెప్పమన్నాడు. సభంతా జేజేలు కొట్టింది.

"మరి నీకేం కావాలో కోరుకో గవరయ్యా," అన్నాడు రాజు.

గవరయ్య రాజుగారి పొట్ట చూశాడు, రుజువు కోసం సిద్ధాంతి మోసుకొచ్చిన తాటాకుల కట్టలు చూశాడు. తర్వాత తన భుజం తడుముకున్నాడు.

"ఇంకో నలుగురు బోయీలను ఇప్పించండి ప్రభూ."