సున్నపు గీతల గోడ

అనగనగా, రాజులు ఏనుగులెక్కి ఊరేగే రోజుల్లో, పైడిమెట్ట అనే ఒక్క ఊరంత రాజ్యం ఉండేది.

అక్కడ ప్రజలు కట్టే పన్ను ధాన్యమంతా ఒకే కొట్టులో చేరేది. దాన్ని కొలిచేవాడు పేరయ్య. ధాన్యం లోపలికి వచ్చినా, బయటికి పోయినా, "లాభం... రెండు... మూడు..." అని వీధంతా వినబడేలా కేకవేస్తూ కొలవాలి. కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు. ఆ కేకలే లెక్కగా, పుట్టి ధాన్యం లోపలికి పోతే ముసలి వీరమ్మ బయట గోడమీద సున్నంతో ఒక గీత గీసేది. పుట్టి బయటికొస్తే ఒక గీత తుడిచేది. ఆ యేడు గోడమీద రెండువందల గీతలున్నాయి.

కొండభూపతి కొత్తగా రాజయ్యాడు. ఆయనకు వేటవిడిది కట్టాలని మనసైంది. మంత్రి పేరయ్య దగ్గరికొచ్చి, "అరవై పుట్లు కావాలి. కేక వెయ్యకుండా కొలువు. జనానికి ఎందుకొచ్చిన బెంగ?" అన్నాడు. పేరయ్య నోరు మూసుకుని కొలిచాడు.

రెండోసారి ఏనుగుకు బంగారు అంబారీ కావలసివచ్చింది. దానికి ఎనభై పుట్లు. పేరయ్య ఈసారీ కేక వెయ్యకుండానే కొలిచాడు. ఆ పూట ఇంట్లో అన్నం సహించలేదు.

గోడమీద గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చూసుకుని జనం ధీమాగా ఇళ్లలోని గింజలు కూడా బేరగాళ్లకు అమ్ముకున్నారు. రాజు కూడా రోజూ ఏనుగు మీంచి ఆ గోడనే చూసి మురిసిపోయేవాడు.

శ్రావణం దాటినా చినుకు పడలేదు. అప్పుడు మంత్రి మూడోసారి వచ్చాడు. "రాజుగారి పుట్టినరోజు విందుకు యాభై పుట్లు. చప్పుడు లేకుండా కానివ్వు."

కొట్టులో మిగిలింది అరవై. కొత్త పంట దాకా ఊరు బతకాలంటే వంద కావాలి. నోరు విప్పితే కొలువు పోతుంది, తల కూడా పోవచ్చు. పేరయ్య కాసేపు కుంచం వైపు చూశాడు. తర్వాత తలుపులు బార్లా తెరిచి, కుంచం ముంచి, "లాభం" అని గొంతెత్తి అరిచాడు.

"లోపలికా, బయటికా, పేరయ్యా?" అని అడిగింది వీరమ్మ.

"బయటికే అత్తా. ముందు నూట నలభై గీతలు తుడిచెయ్యి. ఆ కేకలు నేను మింగేశాను."

వీరమ్మ తుడుస్తూనే ఉంది. జనం మూగారు. ఇంతలో రాజు ఏనుగు మీద అటే వచ్చి గోడ చూసి నిర్ఘాంతపోయాడు.

"నా ధాన్యం ఎవడు దొంగిలించాడు?"

"ఎవరూ దొంగిలించలేదు ప్రభూ. కొంత మీ విడిది అయింది. మిగతాదాని మీద తమరు కూర్చున్నారు," అన్నాడు పేరయ్య.

రాజు ఏనుగు దిగాడు. విందు ఆగిపోయింది, మంత్రి పదవి ఊడింది. ఎనభై పుట్ల అంబారీని పొరుగుదేశంలో అమ్మితే నలభై పుట్లే వచ్చాయి, కరువులో ధరలు అలాంటివి. అరవైకి ఆ నలభై కలిసి ఊరు గట్టెక్కింది. పేరయ్య కొలువు నిలిచింది గాని, రెండుసార్లు నోరు మూసుకున్నందుకు ఏడాది జీతం పోయింది. అది న్యాయమేనని అతనే ఒప్పుకున్నాడు.

ప్రజల సొమ్ము వచ్చినప్పుడు ఎంత గట్టిగా చాటుతామో, ఖర్చయినప్పుడూ అంత గట్టిగా చాటాలి. దాచిన లెక్క ప్రజలతో పాటు పాలించేవాణ్ణి కూడా మోసం చేస్తుంది.