నావైపే రండి అన్న పెట్టె

కొర్లపేట రేవులో, పడవలకు తుపాను కబుర్లు పంపే ఆఫీసులో, ఏ పనిలోనైనా తనదే పైచేయి కావాలనుకునే తాతారావు అనే ఉద్యోగి ఉండేవాడు. చెడ్డవాడు కాదు, పనిమంతుడే. కానీ ఎవరైనా "కాస్త ఆగు" అంటే చాలు, మొహం గంటు పెట్టుకునేవాడు.

ఆఫీసులోని కంప్యూటర్ల నుంచి కబురు బయటికి పోవాలంటే రౌటర్ అనే పెట్టె గుండా పోవాలి. అక్కడి నుంచి రేవు చివరి టవర్ దాన్ని అందుకుని పడవలకు చేరవేస్తుంది. పాత పెట్టెకు టవర్ దాకా నేలలో పాతిన కేబుల్ ఉండేది. దాన్ని వరహాలు అనే పెద్దాయన చూసుకునేవాడు. తాతారావు కొత్త పెట్టె తెచ్చి, కేబుల్‌కు బదులు గాలిలోనే టవర్‌కు కబురు అందించే ఒక డిష్‌ను డాబా మీద బిగించాడు.

ఈ పెట్టెలకు ఒక అలవాటు ఉంది. కాసేపటికోసారి "బయటికి దారి నేను చూపిస్తాను" అని గదిలోని కంప్యూటర్లన్నిటికీ చాటుతుంటాయి. తమకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో కూడా అవే చెప్పుకుంటాయి. ఎక్కువ, మామూలు, తక్కువ అని మూడు మెట్లు. కంప్యూటర్లు పాపం అమాయకపువి. 'ఎక్కువ' అన్నదాని వెంటే పోతాయి. ఆ దారి చివరిదాకా ఉందో లేదో అడగవు.

"ముందు తక్కువ పెట్టరా. గాలీ వానా తట్టుకుంటాదో నేదో సూసి, తరవాత పెంచుదువు గానీ" అన్నాడు వరహాలు.

"నీ పాత పెట్టె వెనకాల నాది నిలబడాలా అన్నా?" అంటూ తాతారావు కొత్తదానికి 'ఎక్కువ' అని పెట్టేశాడు. కంప్యూటర్లన్నీ అటు తిరిగాయి. కొన్నాళ్లు అంతా సాఫీగా సాగింది. తాతారావు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. తుపాను దిక్కు మార్చుకుని రేవు మీదికే వస్తోందని పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మాట పూర్తి కాకుండానే ఆ ఫోను మూగబోయింది. పడవలన్నీ వేటలో ఉన్నాయి. అందరికంటే దూరం పోయినవాడు తాతారావు తమ్ముడు ఎల్లాజీ.

"వెంటనే ఒడ్డుకు రండి" అని తాతారావు కబురు పంపాడు. అందిన ప్రతి పడవ నుంచీ తిరుగు జవాబు రావాలి. ఒక్కటీ రాలేదు. మళ్లీ పంపాడు. రాలేదు. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఏటిరా, నీ పెట్టె సూసావా?" అని అడిగాడు వరహాలు.

కొత్త పెట్టె మీద పచ్చ దీపాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి. అయినా తాతారావు చూపు పైకప్పు వైపు పోయింది. డాబా మీద ఏదో దబ్బున పడిన చప్పుడు ఇందాకే విన్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ చెబితే తల దించుకోవాలి.

"నాది బాగానే ఉంది. టవరే పాడైనట్టుంది" అనేశాడు.

పాపం, ఆ పెద్దాయన గోనెపట్టా కప్పుకుని ఆ గాలిలో టవర్ దాకా పోయాడు. తాతారావు ఒంటరిగా కూర్చుని పంపిన కబురే పంపుతూ ఉన్నాడు. సముద్రం హోరు పెరిగేకొద్దీ తమ్ముడి మొహం కళ్లలో మెదిలింది. లేచి డాబా మీదికి పోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

వరహాలు తడిసి ముద్దై తిరిగొచ్చాడు. "టవర్ బాగానే ఉన్నాదిరా. దానికి ఒక్క కబురూ రానేదు."

తాతారావుకు ఇంక దాచే వీల్లేకపోయింది. "అన్నా, డిష్ పడిపోయి ఉంటుంది. చప్పుడు విన్నాను. చెప్పలేదు" అన్నాడు.

"ముందు పెట్టె వైరు పీకు" అన్నాడు వరహాలు.

తాతారావు పీకాడు. కంప్యూటర్లు కాసేపు ఆ పెట్టెనే తట్టి, పలుకు లేకపోయేసరికి పాతదాని వైపు తిరిగాయి. చచ్చిన పెట్టెను అవి తొందరగానే వదిలేస్తాయి. బతికి ఉండి బొంకే పెట్టెనే వదల్లేవు. కబురు పోయింది. ఒక్కొక్క పడవ నుంచీ జవాబు వచ్చింది, ఎల్లాజీ పడవ నుంచి తప్ప.

తెల్లారాక వేరే పడవవాళ్లు ఎల్లాజీని ఒడ్డుకు తెచ్చారు. ఖాళీ డబ్బాను కరుచుకుని తేలుతుంటే దొరికాడట. బతుకుతెరువైన పడవా, వలా సముద్రం పాలయ్యాయి.

"కబురొచ్చే యేలకి కెరటం మీదకొచ్చేసినాది. ఎందుకు ఆలీసమైనాది అన్నా?" అని అడిగాడు ఎల్లాజీ.

రేవులో జనమంతా వింటున్నారు. "నా పెట్టె దారి మూసుకుపోయింది. అనుమానం వచ్చి కూడా నోరు మెదపలేదు. నావల్లే తమ్ముడూ" అన్నాడు తాతారావు. ఎల్లాజీ మొహం అటు తిప్పుకున్నాడు.

నీతి: నలుగురికీ దారి చూపుతానని ముందుకు వచ్చేవాడు, ఆ దారి చివరిదాకా తెరిచి ఉందో లేదో తానే చూసుకోవాలి, మూసుకుపోయిందని తెలిసిన క్షణమే తప్పుకుని, ఆ మాట పైకి చెప్పాలి.