గోడకు నేరుగా పైన

దగ్గరికి జరుగు, చిట్టీ. అనగనగా ఒక ఊళ్ళో, పనికంటే పంతం ఎక్కువున్న ఇద్దరు పెద్దమనుషులు పక్కపక్క ఇళ్ళలో ఉండేవారు.

ఒకాయన సూరినాయుడు. దూరమిస్తే బెంగపెట్టుకుంటానని పెద్దకూతురు మాణిక్యాన్ని పక్కింటి అప్పలనాయుడి కొడుక్కే ఇచ్చాడు. పెళ్ళి భోజనాల్లో గారె ముందు ఎవరి విస్తట్లో పడాలని వియ్యంకులకి మాటా మాటా వచ్చింది. అప్పుడు అప్పలనాయుడు రెండిళ్ళ మధ్య గోడ కట్టించి, పైన గాజుపెంకులు గుచ్చించాడు. కోడల్ని గడప దాటనివ్వలేదు. ఊరంతా బాధపడింది, రోజూ వచ్చి గోడ చూసి మరీ.

ఆ తర్వాత మాణిక్యానికి వేవిళ్ళు. అన్నం సయించదు. పుట్టింటి పెరట్లో పుల్లమామిడి మీదికే మనసు పోతోంది. ఆ సంగతి చెల్లెలు పైడికి చెప్పడానికి ఊరంతా వచ్చింది. ఓ కాయ పట్టుకెళ్ళమంటే ఎవరికీ తీరిక లేదు.

అప్పుడు పైడి ఒక కాయ విసిరింది. అది గోడంత ఎత్తు లేవక, గోడకి కొట్టుకుని పచ్చడైంది.

రెండోది బాగా ఎత్తుకి లేచింది. కానీ గోడకి ఇవతలే కిందికి మళ్ళి, గేదె వీపున పడింది. గేదె పట్టించుకోలేదు.

మూడోది గోడ దాటాక ఎక్కడో మళ్ళి, వసారాలో కునికే అప్పలనాయుడి ఒళ్ళో పడింది. కాకి పడేసిందనుకుని, ఉప్పు తెప్పించుకుని తినేసి, మళ్ళీ కునుకులో పడ్డాడు.

గోడవతల అక్క ఏడుపు సన్నగా వినిపించింది. చెట్టున ఇంక ఒకే కాయ.

"అక్క కనబడదు కదా, ఎలా విసురుతుంది అమ్మమ్మా?"

అదే కదే! అప్పుడు పైడికి చిన్నప్పటి ఆట గుర్తొచ్చింది. అక్కా తనూ పూరింటికి చెరోవైపు నిలబడి, కప్పు మీదుగా గుడ్డబంతి విసురుకునేవారు. బంతి సరిగ్గా నడికప్పు పైన మళ్ళితే, ఇటు ఎంత దూరం నుంచి లేచిందో అటు అంత దూరంలోనే దిగేది.

అందుకని పైడి, పడే చోటు మానేసి, మళ్ళే చోటు చూసుకుంది. గోడకు నేరుగా పైన, గాజుపెంకులకి మూరెడు ఎత్తున. ఒకసారి దగ్గింది. ఆ దగ్గు ఎంత దూరం నుంచి వచ్చిందో విని, అక్క గోడకి అంతే దూరంలో నిలబడి చెంగు పట్టింది.

మీ అన్న లెక్కల పుస్తకంలో ఆ మళ్ళే చోటుని శీర్షం అంటారుట. అదెక్కడ, ఎంత ఎత్తున, దారి ఎంత ఇరుగ్గా వంగింది, ఇవి తెలిస్తే దారంతా తెలిసినట్టే. వాళ్ళ మాస్టారికీ తెలుసు. చెప్పడమే మర్చిపోతాడు.

కాయ వెళ్ళింది. కాసేపటికి కరకరమని కొరికిన చప్పుడు.

ఆ తర్వాత టెంక తిరిగొచ్చింది. అది గోడకి దగ్గరగా దిగింది. అక్క ముందుకి జరిగిందన్నమాట! పైడీ జరిగి విసిరింది. మళ్ళే చోటు అదే, ఎత్తూ అదే, దారి మాత్రం ఇరుకైంది. మళ్ళీ జరిగారు, మరీ ఇరుకైంది. చివరికి ఇద్దరూ గోడనే ఆనుకున్నారు. ఇంక విసరడానికి దూరమే లేదు. ఇటొక అరచెయ్యి, అటొక అరచెయ్యి, మధ్య ఇటుక.

"గోడ పడిపోయిందా అమ్మమ్మా?"

లేదమ్మా. మామగారు నిద్ర లేచేదాకా అలాగే నిలబడ్డారు.

కథ గోడ దాటి కంచికి,
కునుకు రెప్ప దాటి కంటికి.