పొయ్యి పక్కన కుండ

ఇంతకు ముందు నేను కథంటూ ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. గాసన్న గురువు మాట ఒకటి మా కొండ కింద ఊళ్ళో ఇంకా నడుస్తోంది. అది మరుగున పడకూడదని రాస్తున్నాను.

గాసన్న గురువుకి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాళ్ళు ఆ పూట ఏ పని మీద ఉన్నారో అది చూపించమనేవాడు. దేవుడెక్కడున్నాడని అడిగినవాడి చేత కూడా ముందు వాడి నాగలి చూపించుకున్నాడట.

ఒక చలికాలం సాయంత్రం ఆయన తన శిష్యురాలు బుదరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. బుదరమ్మ మొగుడు సుక్కన్న పోయి ఏడాది కావస్తోంది. పిల్లల్లేరు. అసలే మాట పెగలని మనిషి. కాళ్ళకి నీళ్ళిచ్చి, తలుపు వారన నిలబడి అడిగింది.

“గురువా, ఇల్లు బోసిపోయింది. ఎప్పుడైనా నోరు విప్పితే నా గొంతే నాకు కొత్తగా వినిపిస్తోంది. ఈ ఒంటరితనం పోవాలంటే మనసుని ఏం చెయ్యాలి?”

“ఆ మూలనున్న కుండేంటి?” అన్నాడు గురువు.

బుదరమ్మ ముఖం చిన్నబోయింది. అది చోళ్ళ కల్లు కుండ, రాగులు పులియబెట్టి చేసేది. ఏడాది తిరిగిన రోజున, ఇల్లాలు తన చేత్తో పులియబెట్టిన కల్లు ముందుగా పోయినవాడి పేర నేల మీద పోసి, ఆనక ఊరివాళ్ళకి పొయ్యాలి. అది తాగితేనే అతని దాహం తీరుతుందని ఆ ఊరి నమ్మకం. ఆ రోజు దగ్గర పడింది. కుండ మాత్రం ఉలకదు, పలకదు.

చోళ్ళు ఉడకబెట్టి, చల్లార్చి, పులియడానికని అడవి వేర్లు నూరి చేసిన మందుముద్ద చిదిమి కలిపింది. పెళ్ళయిన నాటినుంచీ చేస్తున్న పనే. అయినా పొంగలేదు. ఇంకో ముద్ద వేసింది. బెల్లం వేసింది. కుండకి దుప్పటి చుట్టింది. మాటిమాటికీ అడ్డాకు మూత ఎత్తి చూసింది. నురగ లేదు. చెవి ఆనిస్తే సుయ్యిమనే చప్పుడైనా లేదు.

“ఆయనతోపాటే నా చేతివాటం కూడా పోయింది గురువా. ఆయనకి దక్కాల్సిన గుక్కెడు కూడా ఇవ్వలేని దాన్నయ్యాను.”

గురువు మూత తీసి వాసన చూశాడు. “చెడలేదు. నిద్దరోతోంది, అంతే” అన్నాడు. కుండ కడుపు మీద అరచెయ్యి ఉంచాడు. తరువాత పక్కనున్న పొయ్యిలో బూడిద తాకి చూశాడు. రెండింటిదీ ఒకటే చలి.

“పొయ్యి ఎప్పుడు ముట్టించావు?”

“నిన్న పొద్దున. ఒక్కదాన్నే కదా, ఒకసారి ఒండుకుంటే మర్నాటికీ సరిపోతుంది.”

“సుక్కన్న ఉన్నప్పుడో?”

“అప్పుడు ఆరనిచ్చేవాళ్ళెవరు? చలి కాగడానికని ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. ఆ కబుర్లు తెమిలేవి కావు. కుండ వాళ్ళ మోకాళ్ళకి తగులుతూ ఉండేది...”

“మరిప్పుడు రారా?”

“మొదట్లో వచ్చారు. ఏం మాట్లాడాలో తెలీక నేనే తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. తరవాత వాళ్ళూ మానేశారు.”

గురువు లేచాడు. గూట్లో ఉన్న అగ్గిపెట్టె తీసి పంచె కొసన ముడేసుకున్నాడు.

“అయ్యో గురువా, ఉన్నది అదొక్కటే! పొయ్యెలా ముట్టించుకోను?”

“మీ అమ్మ ఎలా ముట్టించుకునేది?” అని, చేతికర్ర తీసుకుని, తాను దిగిన పాకకేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బుదరమ్మ ఒక కుండపెంకు పట్టుకుని మంచులో బయల్దేరింది. పక్క వీధి చిలకమ్మది ఇంటినిండా జనం, పొయ్యి ఆరని ఇల్లు. ఆ వాకిలిదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగింది. మళ్ళీ వెళ్ళింది. వాకిలి ఊడుస్తున్న చిలకమ్మ నడుమెత్తి చూసింది.

“ఏటొదినా, మా ఇల్లు ఇటేపని నీకెవలు సెప్పినారు?”

బుదరమ్మ తలొంచుకుని పెంకు ముందుకు చాపింది. “నిప్పు కావాలి.”

“అగ్గిపెట్టి లేదేటి?”

“గురువు పట్టుకుపోయాడు.”

“దొంగ గురువు!” అని చిలకమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి బుదరమ్మ పెదవులు కూడా కదిలాయి. చిలకమ్మ పెంకులో ఎర్రటి నిప్పులు వేసి, గాలికేసి చూసి, చీపురు పక్కన పడేసింది. “ఒక్కర్తివీ అట్టుకెల్తే దారిలోనే సల్లారిపోద్ది. నడు, నాను సెయ్యి అడ్డెడతాను.”

ఇద్దరూ ఒక పెంకు చుట్టూ చేతులు పెట్టి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. పొయ్యి రాజుకుంది. చిలకమ్మ వెళ్ళలేదు. పీట లాక్కుని కూర్చుని, “పాపం, సలికి బిగుసుకుపోనాదొదినా ఇది. ఇటు జరుపు” అంటూ కుండని మంట పక్కకి లాగింది. పొగ చూసి కాబోలు, వీధి చివరి ముసలామె కూడా గోనెపట్టా కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

దారిన పోతూ గురువు ఆగాడు. ముడి విప్పి అగ్గిపెట్టె చాపాడు.

“ఉంచు గురువా,” అంది బుదరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. తుడుచుకున్న ఆ చెయ్యి అలవాటుగా కుండ మూత మీదికి వెళ్ళింది.

“మూత తియ్యకు తల్లీ,” అన్నాడు గురువు. “నువ్వు పొయ్యి సంగతి చూసుకో.”