అడ్డాకు కొస ఎందుకు చీలింది?

ఒకప్పుడు, విస్తళ్లు కుట్టే అడ్డాకు ఇలా కొస చీలి ఉండేది కాదు. నిండు చందమామలా గుండ్రంగా ఉండేది. ఈ సంగతి సోంబరి అవ్వ చెప్పింది. ఎక్కడ చెప్పిందనుకున్నారు? కొండల నడుమ మొక్కల తోటలో, అన్నాల వేళ.

ఆ పొద్దున అవ్వ మనవరాలు సుక్రిని వెంటబెట్టుకుని గిరిజన మ్యూజియం చూడ్డానికి వచ్చింది. లోపల తిరగలి, విల్లు, నీళ్లు పోసుకునే సొరకాయ బుర్ర, అన్నీ అద్దాల వెనక ఉన్నాయి. "ఓలమ్మో! మనింటి సామానంతా ఇక్కడికొచ్చి కూకుందేటే!" అని అవ్వ పకపకా నవ్వింది.

తర్వాత పక్క తోటలో అడ్డతీగ నీడన కూర్చుని మూట విప్పింది. ఒక్క అడ్డాకులో, రాగులతో వండిన ఒక్క చోడిసంకటి ముద్ద ఉంది.

"నువ్వు తిను తల్లీ. నాకు ఆకలి లేదు."

"ఈ ఆకు ఎవరు చింపారవ్వా?" అంది సుక్రి. అంతే, అవ్వ కథ అందుకుంది.

గుండ్రంగా ఉన్న రోజుల్లో అడ్డాకుకి ఎంత గీరనుకున్నావ్! "నా ఒంటి మీద చిన్న చిరుగైనా చూపించు" అని గాలితో పందెం వేసేది. మరి చిరిగిన ఆకులో మనవాళ్లు కూడు పెట్టరు కదే. మేకలకి పడేస్తారు. అందుకే దానికి చిరుగంటే హడల్.

ఓ ఏడు వానల్లేవు. కొండ మీద ఓ ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ముందు రోజంతా పస్తు. గుప్పెడు చోళ్లు దొరికితే సంకటి వండి ఆ గుండ్రటి అడ్డాకులో పెట్టుకుంది. అంతలో సంతలో తప్పిపోయిన పిల్ల ఒకత్తి ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చింది.

"రా తల్లీ, తిను. నేనిప్పుడే తిన్నాను" అంది ముసలమ్మ.

ఆకు ఉలిక్కిపడింది. "ఎంత అబద్ధం! దీని కడుపు కాలిపోతోంది!"

ఆ పిల్లేమైనా తక్కువదా? "పెద్దోళ్లు ముద్దెత్తకుండా మా ఇంట్లో పిల్లలం తినం" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ముసలమ్మ బతిమాలింది. పిల్ల ఊహూ అంది. ముద్ద చల్లారిపోతోంది.

ఆకుకి ఏడుపొచ్చేసింది. "నేను చీలితే ముద్ద రెండవుతుంది. కానీ ఆ తర్వాత నన్నెవరు ముట్టుకుంటారు? మేకల పాలేగా!" అని వణికింది. పిల్ల మొహం చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని కొస నుంచి చర్రున చీలింది. ముద్ద విడిపోయి, సగం ముసలమ్మ వైపు, సగం పిల్ల వైపు పడింది.

"ఆగవే ఆగు!" అని తొడిమ అరిచింది. "రెండు ముక్కలైపోకు! ఒకే ఆకులో తింటేనే కదా వాళ్లిద్దరూ సొంతవాళ్లయ్యేది!"

ఆకు సగంలో ఆగిపోయింది.

ముసలమ్మ ముద్దెత్తింది. అప్పుడు పిల్లా తింది. ఆ ఆకుని ముసలమ్మ మేకలకి వెయ్యలేదు. కడిగి, ముద్దు పెట్టుకుని, చూరులో దాచింది.

అవ్వ చెప్పడం ఆపి చూసింది. సుక్రి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని కూర్చుంది.

"ఏటే, తినవా?"

"పొద్దున్నుంచి నువ్వూ ఏం తిన్లేదు కదవ్వా."

అవ్వకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కథ నా మీదకే తిప్పావే, దొంగముండా!" అంటూ ముద్ద సగం చేసి తీసుకుంది. సుక్రి రెండో సగం అందుకుంది.

ఆ ముసలమ్మా, ఆ పిల్లా కలిసి తిన్నారు చూడండి, అప్పటినుంచే అడ్డాకు కొస చీలి, మొదలు కలిసి పుడుతోంది. అంత చీలిక ఉన్నా, చిరిగిన ఆకని దాన్ని ఎవరూ పారేయరు. అందులోనే అన్నం పెడతారు.