సన్నమూతి కుండ

లతీఫ్ షా తన చిన్న బడిని శిష్యుడు షేక్షావలి చేతిలో పెట్టి ఏడాది తిరక్కముందే పిల్లలు తగ్గడం మొదలైంది.

బడి అంటే కుందూ ఏటి ఒడ్డున, దర్గా ప్రహరీకి ఆనించి వేసిన రెండు వసారాలు. ఉర్దూ అలిఫ్ బే అక్కడే, ఓనమాలు అక్కడే, కూడికలూ అక్కడే. ఊరి పిల్లలు సగం, సున్నపు బట్టీల దగ్గరి గుడిసెల పిల్లలు సగం.

ఆ బడికి ఒక రివాజు ఉంది. గురువారం పొద్దున ప్రతి బిడ్డా ఇంటి నుంచి పిడికెడు గింజలు తేవాలి. బియ్యమో, కొర్రలో, పెసలో, ఇంట్లో ఏముంటే అవి. గడప పక్కన ఒక మట్టికుండ ఉండేది. దాని మూతి చెయ్యి పట్టేంతే. మూసిన పిడికిలి లోపలికి పెట్టాలి, లోపలే తెరవాలి, చెయ్యి బయటికి తీసుకోవాలి. అన్నీ కలిపి వంటమనిషి బూబమ్మ కిచిడి వండేది. నేల మీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చుని అందరూ తినేవాళ్ళు.

షేక్షావలి మంచివాడు, పని తెలిసినవాడు. అయితే కొత్తగా పెత్తనం వచ్చిన మనిషికి ఏదో ఒకటి మార్చితే గానీ నిద్ర పట్టదు. కిచిడి పలచగా ఉంటోందని అతని బాధ.

"ఇన్ని పిడికిళ్ళకు ఇంత పలచనా? ఎవరో ఖాళీ చేతులు పెట్టి దొంగాట ఆడుతున్నారు" అన్నాడు.

కుండ తీసేయించాడు. దాని చోట వెడల్పాటి రాగి తట్ట పెట్టించాడు. ఇక ఎవరి పిడికిట్లో ఎంతుందో అందరికీ కనబడుతుంది. తట్ట ఇచ్చింది ఊళ్ళో ఒక గింజల వ్యాపారి. అంచు చుట్టూ తన పేరు చెక్కించి మరీ ఇచ్చాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. రాగి మీద ఉన్నది చాలు.

కిచిడి చిక్కబడింది.

ఆ తర్వాత వానలు పట్టాయి. తడికి బట్టీలు ఆరిపోయాయి, కూలి ఆగిపోయింది. గుడిసెల పిల్లలు మొదట గురువారాలు మానేశారు. తర్వాత బడే మానేసి మేకల వెంట పోతున్నారు. పెద్దాయన తల నెరిసేదాకా నిలబెట్టిన బడిని ఇతను ఏడాదిలో సగం చేశాడని దర్గాకు వచ్చేవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట షేక్షావలి చెవినా పడింది.

గురువు దగ్గరికి వెళ్ళాడు. లతీఫ్ షా పాత బొంత ముందేసుకుని కుట్టుకుంటున్నాడు.

"హజ్రత్, బట్టీల పిల్లలు రావడం లేదు. ఈ వారం రాకపోతే పేర్లు కొట్టేస్తానని ఇంటింటికీ చెప్పి పంపుతా. మీరు ఊ అంటే చాలు."

"గురువారం కిచిడి ఎట్లుంది?"

"గరిటె నిలబెడితే నిలబడుతుంది హజ్రత్." చెప్పేటప్పుడు షేక్షావలి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"గరిటె నిలబడింది, సరే." పెద్దాయన సూది లాగి దారం ముడేశాడు. "ఈ గురువారం నేనూ వస్తా. వరుసలో నాకూ చోటుంచు."

గురువారం జడివాన. లతీఫ్ షా గోనెసంచి తలమీద కప్పుకుని వచ్చి వరుసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ముందున్న పిల్ల జైబున్ వెనక్కి తిరిగి నవ్వింది.

"తాతా, పెద్దోడివి, ముందు నువ్వు పో."

"ఆకలి నీకే ఎక్కువ అమ్మీ. నువ్వే పో."

వరుస కదిలింది. పిడికిళ్ళు తట్ట మీద తెరుచుకుంటున్నాయి.

"మావి సన్నబియ్యం" అన్నాడొకడు.

"వీడివి చూడండ్రా, ఉత్త నూకలు" అన్నాడు వాడి వెనకవాడు. నూకలు తెచ్చినవాడు చెయ్యి చొక్కాకు తుడుచుకుని పక్కకు పోయాడు.

జైబున్ తన పెసలు పోసి తప్పుకుంది. లతీఫ్ షా ముందుకొచ్చాడు. పిడికిలి చాపాడు. తట్ట మీద తెరిచాడు.

అరచేతిలో ఏమీ లేదు.

పక్కనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అట్లాగే చాపి ఉంచాడు. పిల్లలు మెడలు సాచి ఆ చేతినే చూస్తున్నారు.

షేక్షావలి చెవులు ఎర్రబడ్డాయి. గబగబా తట్టలోంచే గుప్పెడు బియ్యం తీసి గురువు చేతిలో పెట్టి, ఆయన వేళ్ళు తానే మూశాడు.

"ఎందుకురా ఇది?"

"అందరూ చూస్తున్నారు హజ్రత్" అన్నాడు షేక్షావలి, గొంతు బాగా తగ్గించి.

"చూడాలనే గదా తట్ట పెట్టినావు."

ఆ బియ్యం మళ్ళీ తట్టలోనే వదిలేసి, పెద్దాయన వెళ్ళి పిల్లల మధ్య కూర్చున్నాడు. కిచిడి వచ్చాక మారు అడిగి పెట్టించుకున్నాడు. షేక్షావలి ఆ పూట తినలేదు.

సాయంత్రం అతను వంటింటికి వెళ్ళాడు. పాత కుండలో బూబమ్మ ధనియాలు పోసుకుని ఉంది.

"కుండ కావాలి బూబమ్మా."

"ధనియాలు దేంట్లో పోసుకునేది?"

"తట్టలో పోసుకో."

"పేరున్న తట్ట గదా నాయనా."

"నీ వంటింట్లో ఎవరు చదవొస్తారు? పోసుకో."

మర్నాడు బురదలో బట్టీల దాకా నడిచాడు. పేర్లు కొట్టేసే మాట ఎత్తలేదు. గుడిసెల ముందు నిలబడి, "వచ్చే గురువారం నుంచి పాత కుండే ఉంటుంది" అన్నాడు.

తడి పొయ్యి ఊదుతున్న ఒకామె తల ఎత్తకుండానే అడిగింది. "ఆ సన్నమూతిదేనా?"

"అదే."

గురువారం వాళ్ళు వచ్చారు. ఇంకా వాన పడుతూనే ఉంది. ఒక పిల్ల మోచేతి దాకా కుండలోకి చెయ్యి దింపి, కాసేపు అట్లాగే ఉంచి, బయటికి తీసింది. ఆ కాసేపూ షేక్షావలి చూరునుంచి కారే నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

బూబమ్మ వచ్చి కుండ ఎత్తి, చేతిలోనే బరువు చూసుకుంది.

"తినేవాళ్ళు ఎక్కువ, గింజలు తక్కువ. ఏం చెయ్యమంటావు?"

"నీళ్ళు ఎక్కువ పొయ్యి" అన్నాడు షేక్షావలి.

దస్తర్‌ఖాన్ చివర కూర్చున్న లతీఫ్ షా తన పళ్ళెం ముందుకు జరుపుకున్నాడు.